బులెట్టెక్కి సినిమా చెట్టు దాకా!

మోటార్ సైకిలెక్కి ఊళ్ళు తిరగాలన్న కోరిక మనలో చాలామందికి వెండితెర మీద నుంచే అంటుకుంటుంది. 1975లో 'షోలే' చూసిన మా మావయ్య తరం కుర్రాళ్ళకి, జై, వీరూ సైడ్‌కారు బండి మీద పాడుకుంటూ పోవడం చూశాక చాలా రోజులు నిద్ర పట్టలేదట. నా తరం వాళ్ళకి ఆ జబ్బు తగిలించింది 2013లో వచ్చిన మలయాళ చిత్రం 'నీలాకాశం పచ్చకడల్ చువన్న భూమి'. అందులో ఇద్దరు కుర్రాళ్ళు కేరళ నుంచి నాగాలాండ్ దాకా బులెట్ల మీద పోతారు. ఇక 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చాక సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాలేజీ కుర్రాళ్ళు గడ్డం పెంచడమూ, బులెట్ కోసం ఇంట్లో నిరాహారదీక్ష చెయ్యడమూ ఒకేసారి మొదలెట్టారు!

కానీ ఒక్క సంగతి గమనించారా? తెర మీద హీరోగారి బండికి పెట్రోలు అయిపోదు. క్లచ్ వైరు తెగదు. హీరోకి నడుం నొప్పి రాదు. ఎందుకంటే షాటు అయిపోగానే ఆయన దిగి కారెక్కుతాడు. దిగకుండా పోవలసింది మనం!

ఈ ముక్క నాకు తెలిసి రావడానికి రెండేళ్ళూ, చాలా డబ్బూ, ఒక పెద్ద చెట్టూ ఖర్చయ్యాయి. ఆ కథే ఇది.

ఒక షరతు మీద

నా బులెట్ నాది కాదు. ఏలూరులో ఉండే మా మావయ్యది. 1984లో, ఆయనకి ఇరవయ్యేడో ఏట కొన్నాడు. 350 అంటారు గాని, కచ్చితంగా చెప్పాలంటే 346 సి.సి. పోత ఇనుము ఇంజను. ఒకటే సిలిండరు. 18 గుర్రాల శక్తి. ఇంగ్లీషువాళ్ళ నమూనా, 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చింది. ఇప్పటి బళ్ళలా కాదు, గేరు కుడి కాలికీ, బ్రేకు ఎడమ కాలికీ ఉంటాయి. కొత్తవాడెక్కితే బ్రేకనుకుని గేరు తొక్కి గోడకి నమస్కారం పెడతాడు.

స్టార్టు చెయ్యడం కూడా ఓ పూజా విధానం. హెడ్‌లైటు మీదున్న అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించాలి. ఎడమ చేతి దగ్గర డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్కు ఇంకొంచెం జరిపి, మీట వదిలెయ్యాలి. అప్పుడు నిండుగా ఒకే ఒక్క తన్ను! సరిగ్గా కుదిరిందా, "డుగ్… డుగ్… డుగ్…" అంటుంది. కుదరలేదా, కిక్కు వెనక్కి తన్ని మోకాలు పట్టేస్తుంది.

ఆ మోకాలే మా మావయ్యని బండి దింపింది. 2021లో ఆపరేషన్ అయ్యాక డాక్టరు కిక్కు జోలికి పోవద్దన్నాడు. మర్నాటి సంవత్సరం నన్ను పిలిచి తాళం చెవి చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళు అల్లుడూ. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. ఒక్కటే షరతు. ఏదైనా విప్పు, ఫరవాలేదు. కొయ్యకు. తిరిగి బిగించడానికి వీలులేని పని ఒక్కటీ చెయ్యకు."

"అలాగే మావయ్యా."

"ఇంకోటి. నన్నొక్కసారి వెనకాల కూర్చోబెట్టుకుని కుమారదేవం చెట్టు దగ్గరకి తీసుకెళ్ళు."

కుమారదేవం చెట్టంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కొవ్వూరు పక్కన గోదారి గట్టు మీద ఉన్న మహా నిద్రగన్నేరు. పేరే 'సినిమా చెట్టు'! 1976లో వచ్చిన కృష్ణగారి 'పాడిపంటలు'తో దానికి ముఖానికి రంగు పడిందని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ తర్వాత బాపుగారు, విశ్వనాథ్ గారు, జంధ్యాలగారు, రాఘవేంద్రరావుగారు, వంశీగారు, అందరూ దాని నీడన కెమేరా పెట్టినవాళ్ళే. 2018 నాటి 'రంగస్థలం' దాకా నటిస్తూనే ఉంది. మూడు వందల చిత్రాలంటారు. అన్ని చిత్రాల్లో నటించిన హీరోలు మనకి ఎందరున్నారు చెప్పండి?

మావయ్యకి ఆ చెట్టు మీద అంత మమకారం ఎందుకంటే, ఆయన బండి కూడా సినిమాలో నటించింది కనక! 1986లో స్నేహితులతో షూటింగు చూడ్డానికి వెళ్తే, ప్రొడక్షన్ కుర్రాడెవరో వచ్చి, "బండి బావుందండీ, చెట్టు కింద నిలబెడతారా, వెనకాల కనబడుతుంది" అన్నాడట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి చెట్టు కిందే. మావయ్య ఎండలో! తీరా ఆ చిత్రం విడుదలయ్యాక చూస్తే ఏముంది? రెప్పపాటు కాలం వెనక మడ్‌గార్డూ, నంబరు ప్లేటులో సగమూ కనబడి మాయమయ్యాయి. దాని కోసం ఏడుసార్లు చూశాడు మావయ్య. అత్తయ్యని కూడా తీసుకెళ్ళేవాడు. చివరికి ఆవిడే, "ఇదిగో, మీ మడ్‌గార్డొస్తోంది" అని ముందే చెప్పేసేదట. ఆ చిత్రం పేరు మాత్రం పత్రికలో రాయనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

నా సోకులు

"బండి కాస్త తయారు కానీ మావయ్యా, వచ్చే సంక్రాంతికి వెళ్దాం" అని చెప్పి బండిని విజయవాడ తెచ్చేశాను. ఆటోనగర్‌లో కుర్ర మెకానిక్కు ఒకడికి అప్పగించి, ఒక్కో వ్యాసానికి వచ్చిన పారితోషికం ఒక్కో భాగానికి ధారపోశాను.

1969లో అమెరికాలో వచ్చిన 'ఈజీ రైడర్' చిత్రం పోస్టరు చూశారా? హేండిలు భుజాల ఎత్తున ఉంటుంది. నాకూ అలాంటిదే కావాలి! పెట్టించాను. సైలెన్సరు తీసేసి, వీధి చివర ఉండగానే ఇంట్లోవాళ్ళకి తెలిసిపోయేంత చప్పుడు చేసే గొట్టం బిగించాను. జంట సీటు తీసేసి ఒంటి సీటు వేశాను. వెనకాల ఇనప కేరియరు, దాని మీద పెద్ద పెట్టె. ఇక చివరగా…

చివరగా వెనక మడ్‌గార్డు సగానికి కోయించాను.

దాని కథ నాకు తెలియదా అంటే, చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నాను. తెలిసే కోయించాను. ఫొటోలో వెనక చక్రం నిండుగా కనబడాలని! ఆ రోజు నాకు అంతకు మించిన కారణం అక్కర్లేకపోయింది.

ఒక్క విషయం గమనించండి. ఎవర్ని వెనక కూర్చోబెట్టుకోవడానికి బండి తెచ్చానో, ఆయన కూర్చునే సీటు కూడా తీయించేశాను.

అరకు దారిలో…

2023 డిసెంబరులో ముస్తాబైన బండేసుకుని అరకు బయల్దేరాను. ఊరు దాటేదాకా రాజాలా ఉంది. హైవే ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఎత్తు హేండిలు పట్టుకుంటే చేతులు పైకి, ఛాతీ బార్లా! ఎదురుగాలి మనల్ని తెరచాపని నెట్టినట్టు వెనక్కి నెడుతుంది. పడిపోకుండా పట్టుకునేది మన వేళ్ళే. ఏలూరు దాటేసరికి భుజాలు, తాడేపల్లిగూడెం దాటేసరికి వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. చెవుల్లో జోరీగల మోత. ఆ గొట్టానికి తగ్గట్టు కార్బురేటర్లో జెట్ మార్చలేదు కనక ఇంజను కాగిపోతోంది.

తుని దాటాక క్లచ్ వైరు తెగింది. రెండో వైరు లేదు. మెరిసే సామాను అంతా కొన్నాను గాని, దానికి మాత్రం డబ్బులు మిగల్లేదు! బండి తోసుకుంటూ, లారీల వాళ్ళ హాస్యాలు వింటూ ఓ రిపేరు షాపు చేరి, వైరు వేయించుకునేసరికి చీకటి పడింది. అప్పుడు హెడ్‌లైటు వేశాను. పాతకాలపు ఆరు వోల్టుల దీపం అది. ఎదురుగా లారీ వస్తే, నా దీపం వెలుగుతోందో లేదో నేనే చెయ్యి అడ్డం పెట్టి చూసుకోవలసి వచ్చింది.

మర్నాడు అనంతగిరి ఘాటు. పెట్టె బరువంతా వెనక చక్రానికి కూడా వెనకాల, ఎత్తున! దాంతో ముందు చక్రం తేలికైపోయి, మలుపు మలుపుకీ హేండిలు వణుకుతుంది. కాఫీ తోటలూ, లోయలూ, పొగమంచూ, అన్నీ ఉన్నాయి. నేను చూసింది మాత్రం ముందు చక్రం ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో గోదావరి దాటాను. కొవ్వూరు నుంచి పక్కకి తిరిగితే కుమారదేవం ఎంతో సేపు పట్టదు. ఆగలేదు. "మావయ్యతో కలిసి వద్దాంలే, చెట్టెక్కడికి పోతుంది?" అనుకున్నాను.

"బండి ఇంకా తయారు కాలేదా?"

2024 ఆగస్టు మొదటి వారంలో, గోదారి వరదల కాలంలో, ఆ చెట్టు కూలిపోయింది. నూట యాభై ఏళ్ళ వయసంటారు. నిలువునా పడిపోయింది. పొద్దున్న టీవీలో చూశాను.

మావయ్య ఫోన్ చేశాడు.

"చూశావా అల్లుడూ?"

"చూశాను మావయ్యా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన మామూలుగానే అడిగాడు: "బండి ఇంకా తయారు కాలేదా?"

కోపం లేదు ఆ గొంతులో. కోప్పడినా బాగుండేది.

విప్పడం మొదలు

మర్నాడే బండి తీసుకుని ఆటోనగర్‌లో ఓ ముసలి మేస్త్రీ దగ్గరకి వెళ్ళాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "చాలామంది చూడ్డానికి ముస్తాబు చేయిస్తారు సార్. మీరు ముందు కూర్చోడానికి చేయించండి" అన్నాడు.

అసలు ఆ సంవత్సరం రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి తప్పదు. అక్కడ ఈ చప్పుడు గొట్టం చూస్తే ఊరుకుంటారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీవాడిచ్చిన అసలు రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రంగు మార్చినా సరే, ఆర్.సి.లో రాయించుకోవలసిందే. కుర్రాళ్ళూ, ఇది గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేది ఇలాంటివే.

పాత హేండిలు మళ్ళీ బిగించాం, ఓ అంగుళం ఎత్తు దిమ్మెల మీద. నడుం నిటారుగా, మోచేతులు కొంచెం వంగి ఉండాలి, అదీ లెక్క. పాత సైలెన్సరు తిరిగొచ్చింది. వెనక కూర్చున్న మనిషి మాట వినబడాలి కదా! ఆరు వోల్టులు పీకేసి పన్నెండు వోల్టుల ఏర్పాటు చేశాం. పెట్టె పోయింది. దాని బదులు వెనక చక్రానికి అటూ ఇటూ కాన్వాసు సంచులు, కిందకి, వీలైనంత ముందుకి. రెండు సంచులూ సమానంగా తూగాలి. పనిముట్లు అడుగున, వాన కోటు పైన.

క్లచ్ వైరు సంగతిలో మేస్త్రీ చెప్పిన చిట్కా మీక్కూడా చెబుతాను. రెండో వైరుని సంచిలో పెట్టుకోకూడదు. వాడుతున్న వైరు పక్కనే, దాని దారిలోనే పరిచి, టేపు చుట్టి ఉంచాలి. ఒకటి తెగితే రెండోదాని కొసలు తగిలించుకుని పది నిమిషాల్లో బయల్దేరవచ్చు.

ఇక మావయ్య సీటు. ఏలూరు వెళ్ళి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు ఎంతవరకు వంగుతోందో టేపుతో కొలిచాను. "ఏంట్రా, చొక్కా కుట్టిస్తావా?" అన్నాడు. కాళ్ళు పెట్టుకునే కడ్డీలు నాలుగు వేళ్ళు కిందకి, కాస్త ముందుకి రావాలి. వెల్డింగ్ లేకుండా, బోల్టులతో బిగించే పలకలు చేయించాం. స్ప్రింగుల సీటు, వీపుకి ఆనుకోడానికి మెత్త. ఇవన్నీ విప్పితే బండి మళ్ళీ 1984 బండే.

ఒక్క మడ్‌గార్డు తప్ప! కోసినదాన్ని అతికిద్దామంటే, తెగిన ముక్క ఆ కుర్ర మెకానిక్కు ఎప్పుడో తుక్కులో అమ్మేశాడు. పాత సామాను కొట్లన్నీ గాలించి, ఆ కాలంనాటి మడ్‌గార్డు ఇంకోటి సంపాదించాను. నల్లరంగు వేయించి, చేత్తో బంగారు గీత గీయించాను. చూస్తే తేడా తెలియదు.

డూపు

2025 జనవరిలో, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, తెల్లారేసరికి ఏలూరు చేరాను. మావయ్య స్వెటరేసుకుని, హెల్మెట్టు చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. బండి చుట్టూ తిరిగాడు. హేండిలు చూశాడు. సీటు నొక్కి చూశాడు. వెనక్కి వచ్చి మడ్‌గార్డు అంచు కిందకి వేళ్ళు పోనిచ్చి తడిమాడు. అక్కడ ఏదో పాత సొట్ట ఉండేదట. నాకేం తెలుసు!

"ఇది అది కాదు."

"కాదు మావయ్యా. కోయించేశాను."

అత్తయ్య గుమ్మంలో కాఫీ గ్లాసులతో అలాగే నిలబడిపోయింది. అబద్ధం చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. నోరు రాలేదు.

మావయ్య చాలాసేపు వంగి దాన్నే చూశాడు. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు.

"పోన్లే. డూపన్నమాట."

"డూపే."

"డూపు లేకుండా ఏ హీరో ఇంత దూరం వచ్చాడు గనక! పద."

క్షమించాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఎక్కాడు.

గుండుగొలను, నల్లజర్ల, దేవరపల్లి… మంచులో ఆయిల్‌పామ్ తోటలు, పొగాకు చేలు, పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. మా ఇద్దరికీ ఓ ఒప్పందం. భుజం మీద ఒకసారి తడితే నెమ్మదించాలి, రెండుసార్లు తడితే ఆపాలి. గంటకి అరవై దాటలేదు. ఆ బండికి సుఖమైన వేగం అదే; ముందు చక్రం డ్రమ్ము బ్రేకులకి కూడా అదే క్షేమం. ముప్ఫై కి.మీ.కి ఓసారి ఆగి, మావయ్య అటూ ఇటూ నడిస్తే, నేను నట్లన్నీ తడుముకునేవాణ్ణి. బులెట్ ఒణుక్కి వదులవని నట్టు లేదు!

నల్లజర్ల దగ్గర టీ తాగి కిక్కు కొడితే బండి లేవలేదు. మళ్ళీ కొట్టాను. ఊహూఁ. పది తన్నులకి నాకు చెమటలు! మావయ్య బెంచీ మీంచి లేవకుండానే, "పాయింట్లు చూడరా" అన్నాడు. మూత విప్పాను. నిజమే, కాంటాక్టు పాయింట్ల సందు మూసుకుపోయింది.

"కొలవడానికి గేజి తేలేదు మావయ్యా."

"విజిటింగ్ కార్డుందా?"

ఇచ్చాను. దాన్ని సందులో దూర్చి, కాస్త ఒరుసుకుంటూ వచ్చేలా స్క్రూ బిగించమన్నాడు. ఆ కార్డు మందమే దాని లెక్కట! ఒక్క తన్నుకి "డుగ్… డుగ్…" మంది. 'ఫ్రీలాన్స్ జర్నలిస్టు' అని అచ్చు వేయించిన నా కార్డు ఒకందుకు పనికి రావడం అదే మొదటిసారి.

గోదారి గట్టు మీద

కొవ్వూరు దాటి గట్టు రోడ్డెక్కితే కుడి పక్కన గోదారి. ఎండ పడి నీళ్ళు తళతళలాడుతున్నాయి. భుజం మీద రెండుసార్లు తట్టాడు మావయ్య.

అక్కడ నీడ లేదు. మొట్టమొదట తెలిసింది అదే. ఎన్నో చిత్రాల్లో కథానాయికలు పరిగెత్తుకొచ్చి నిలబడిన చోట, బోసిగా ఎండ! మొదలు మాత్రం ఉంది. కూలాక మందులు పూసి బతికించే ప్రయత్నం చేశారు కదా, పచ్చటి చిగుళ్ళు వేసింది. మావయ్య మోకాలు పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి, ఓ చిగురాకుని వేలితో ముట్టుకుని వచ్చాడు. నేను పక్కకి తిరిగి సంచి సర్దుకుంటున్నట్టు నటించాను. చెట్టుండగా తీసుకురాలేదన్న మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కాసేపయ్యాక ఆయన డైరెక్టరైపోయాడు!

"బండి ఇక్కడ కాదు. ఇంకాస్త ఎడమకి. ఆఁ… కెమేరా అదిగో, అక్కడ పెట్టారు. నువ్వక్కడికి పో."

నేను వెనక్కి జరిగి ఫోను తీశాను. చిగుళ్ళు, గోదారి, బండి, మావయ్య, అన్నీ పట్టేలా చూసుకుంటున్నాను.

"అంతా వద్దు" అన్నాడు. "మడ్‌గార్డు, నంబరు ప్లేటులో సగం. చాలు."

అలాగే తీశాను. అక్కడే నిలబడి అత్తయ్యకి పంపించమన్నాడు. రెండు నిమిషాల్లో ఆవిడ ఫోనొచ్చింది. మావయ్య స్పీకరు నొక్కాడు. గోదారి గాలి హోరులో కూడా అత్తయ్య మాట స్పష్టంగానే వినబడింది.

"ఇదిగో, మీ మడ్‌గార్డొచ్చింది!"